కోడింగ్ రాకుండా సీఎస్‌ఈలో చేరొచ్చా?

కోడింగ్ (ప్రోగ్రామింగ్) ముందే రాకపోయినా బీటెక్ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్)లో నిస్సంకోచంగా చేరొచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సీటైనా, గాజువాక, మధురవాడ వైపు ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటైనా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) వచ్చేది ప్రధానంగా ఏపీ ఈఏపీసెట్ అనే ప్రవేశపరీక్ష ర్యాంకుతోనే. అందులో 160 ప్రశ్నలు: లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రోగ్రామింగ్ మీద ఒక్కటీ ఉండదు. అందుకే దాన్ని మొదటి ఏడాదిలో ఓనమాల నుంచి చెబుతారు.

కావాల్సిందల్లా పనిని మెట్లుగా విడగొట్టి ఆలోచించడం. ఉదాహరణకు, అక్షరక్రమంలో ఉన్న 1,000 పేర్లలో ఒకటి వెతకాలి. మొదటి నుంచి చూస్తూ పోతే వెయ్యీ చూడాల్సి రావచ్చు. సరిగ్గా మధ్య పేరు చూసి, మనకు కావాల్సింది దానికి ముందుందా, తర్వాతుందా తేల్చుకుని, అక్కర్లేని సగం వదిలేస్తూ వెళ్తే 10 సార్లకు మించి చూడక్కర్లేదు. దీన్నే బైనరీ సెర్చ్ అంటారు. కాగితం మీదే అర్థమయ్యే సంగతి ఇది, సీఎస్‌ఈలో అసలు అందం ఇక్కడే ఉంది.

సీఎస్‌ఈ అంటే పైతాన్, జావా లాంటి ప్రోగ్రామింగ్ భాషలు నేర్చుకోవడమే అనుకుని చాలామంది చేరకముందే కోచింగ్‌కు పరుగెత్తుతారు. అవి పనిముట్లు మాత్రమే. చదువులో ఎక్కువ భాగం డేటా స్ట్రక్చర్స్ (సమాచారాన్ని అమర్చే పద్ధతులు), ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, నెట్‌వర్క్‌లు, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ (సెట్లు, లెక్కింపు, తర్కం లాంటి గణితం) లాంటివే. చేరేముందు వేసవిలో కోచింగ్ బదులు ఇంటర్ లెక్కల్లోని పర్ముటేషన్లు, ప్రాబబిలిటీ మళ్లీ తిరగేస్తే ఎక్కువ లాభం.