గుర్రాలతో కొండపల్లి అడవిలో రెండు రాత్రులు క్యాంపింగ్ కుదురుతుందా?

మీ ప్రశ్న: ఇద్దరు స్నేహితులు, రెండు గుర్రాలు, విజయవాడ నుంచి కొండపల్లి అడవికి వెళ్ళి సంక్రాంతి సెలవుల్లో రెండు రాత్రులు టెంట్ వేసుకుని ఉండాలి. అమెరికా పార్కుల్లో గుర్రాలతో క్యాంప్ చేసేవాళ్ళ వీడియోలు చూశాక ఈ ఆలోచన వచ్చిందన్నారు.

కుదురుతుంది. అయితే అడవిలో కాదు, అడవి అంచున ఉన్న తోటలో.

నేను గొల్లపూడి వైపు ఉంటాను. నాకొక కతియవాడీ ఆడగుర్రం ఉంది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉందని చుక్క అని పిలుస్తాం. దాన్ని తీసుకుని ఇప్పటికి మూడుసార్లు మైలవరం వైపు మామిడి తోటల్లో రాత్రి ఉన్నాం. మొదటిసారి చేసిన తప్పులే మీకు ఎక్కువ పనికొస్తాయి కాబట్టి అవే చెబుతాను.

ముందు అడవి సంగతి. కొండపల్లిది రిజర్వ్ ఫారెస్ట్. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళడం, పశువుల్ని మేపడం, నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. మూలపాడు బటర్‌ఫ్లై పార్కు వైపు జనం ట్రెక్కింగ్‌కు వెళ్తారు కదా అనుకోవద్దు, అది మనుషుల నడక. గుర్రం ఎక్కి పగలు కొంత దూరం తిరగాలన్నా ముందే రేంజ్ ఆఫీసులో కాగితం ఇచ్చి అడగండి. మీరు చూసిన వీడియోల్లో గుర్రాల క్యాంపుల దగ్గర కట్టేసే చోటు, నీళ్ళు, లద్దె పారేసే చోటు అన్నీ ఉంటాయి. చాలా పార్కుల్లో గుర్రానికి కాగిన్స్ అనే రక్త పరీక్ష కాగితం చూపిస్తే గానీ గేటు దాటనివ్వరు. మన దగ్గర ఆ ఏర్పాట్లేవీ ఉండవు, అన్నీ మనమే మోసుకెళ్ళాలి.

గుంటూరు వాళ్ళు కొండవీడు అంటుంటారు. కోట బాగుంటుంది కానీ ఘాట్ రోడ్డు మొత్తం తారు. దిగేటప్పుడు లాడాలు జర్రున జారతాయి. నేనైతే తీసుకెళ్ళను.

ఇక అసలు విషయం నీళ్ళు. ఒక గుర్రం రోజుకు 30 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండలో తిరిగితే ఇంకా ఎక్కువ. మొదటి ట్రిప్పులో తోటలో బోరు ఉంది కదా, నీళ్ళకేం లోటు అని ధీమాగా వెళ్ళాం. సాయంత్రం బకెట్ పెడితే చుక్క మూతి ముంచి, పై పెదవి పైకెత్తి, బకెట్‌ను ముక్కుతో నెట్టేసింది. ఆ బోరు నీళ్ళు కాస్త ఉప్పన. దాహమేస్తే అదే తాగుతుందిలే అని మేం పడుకున్నాం. తెల్లారి చూస్తే లద్దె గోలీల్లాగా చిన్నగా, గట్టిగా ఉంది, పైన తెల్లటి జిగురు. ముందు కాలితో నేల గీరుతోంది, మెడ తిప్పి తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది. గుర్రాల గురించి కొంచెం తెలిసినవాళ్ళకైనా ఇది చూస్తే గుండె జారిపోతుంది. కడుపునొప్పికి గుర్రాలు ప్రాణాలే పోగొట్టుకుంటాయి.

తోట కౌలుకు చేసే బాబాయ్ పాపం సాయం చేద్దామని వెదురు గొట్టం నిండా నువ్వుల నూనె పోసుకుని వచ్చాడు, "మా గేదెలకు ఇట్టాగే పడతాం" అంటూ. చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. గుర్రాలు వాంతి చేసుకోలేవు. నోట్లో బలవంతంగా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. డాక్టరైతే ముక్కులోంచి ట్యూబ్ వేసి తిన్నగా కడుపులోకి పంపిస్తాడు. మేం ఫోన్ చేసిన డాక్టర్ వచ్చేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా మేత తీసేసి, మెల్లగా నడిపిస్తూ ఉండమని ఫోన్‌లో చెప్పారు. మధ్యాహ్నానికి లద్దె పడింది. ఆ చప్పుడు విని నలుగురం చప్పట్లు కొట్టాం. అటుగా పోతున్న ఆటోవాడు ఆగి మరీ చూశాడు.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. వెళ్ళడానికి వారం ముందు నుంచే ఇంటి దగ్గర బకెట్‌లో నిమ్మకాయంత బెల్లం కలిపి పెడతాం. ఆ రుచి అలవాటైతే కొత్త ఊరి నీళ్ళలోనూ అదే బెల్లం కలిపితే తాగేస్తుంది. బకెట్ కూడా ఇంటిదే తీసుకెళ్తాం. మొదటి రాత్రి కోసం ఇంటి నీళ్ళు రెండు క్యాన్లు ఉంచుకుంటాం. పశువుల అంబులెన్స్ నంబర్ 1962, ఫోన్‌లో సేవ్ చేసుకోండి. దాంతోపాటు గుర్రాలు చూసిన అనుభవం ఉన్న డాక్టర్ నంబర్ ముందే సంపాదించండి. మన వైపు డాక్టర్లకు ఆవులు, గేదెలే ఎక్కువ వస్తాయి, గుర్రం దగ్గర అందరికీ చేయి తిరిగి ఉండదు.

మేత విషయంలో ఒకటే మాట, ఇంటి దగ్గర ఏది పెడుతున్నారో అదే, అంతే. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు గానీ ట్రిప్పు కదా అని గుగ్గిళ్ళు రెండింతలు పెట్టేవాళ్ళను చూశాను. అది ముద్దు కాదు, కడుపునొప్పికి పిలుపు. చుక్కకు రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి తీసుకెళ్తాను. అక్కడ దొరికే వరిగడ్డిని నమ్ముకోను.

తర్వాత కట్టేయడం. గేదెను కట్టినట్టు పొడవాటి పగ్గంతో చెట్టుకు కట్టేస్తే ఏమవుతుందో మేం అదే ట్రిప్పులో చూశాం. అర్ధరాత్రి నక్కలు కూస్తే బెదిరింది. పగ్గం వెనక కాలికి చుట్టుకుని గిట్ట పైన చర్మం వలిచినట్టు లేచిపోయింది. మానడానికి నెల పట్టింది. ఇప్పుడు రెండు చెట్ల మధ్య మనిషి తల కంటే ఎత్తున, ఏడడుగుల దగ్గర, లావు తాడు బిగించి కడతాం. బెరడు కోసుకుపోకుండా చెట్టుకు గోనెసంచి చుట్టి దాని మీద తాడు వేస్తాం. ఆ తాడు నుంచి గుర్రం పగ్గం కిందికి వేలాడుతుంది, మూతి నేలకు ఆనేంత పొడవు, అంతకు మించి జానెడు కూడా వద్దు. రెండు గుర్రాలకూ మధ్య ఒకదాని కాలు ఒకదానికి తగలనంత ఎడం ఉండాలి. చెట్టు మొదలు కూడా అందకూడదు, అందితే తెల్లారేసరికి బెరడు కొరికేసి, వేర్ల దగ్గర గొయ్యి తవ్వేస్తుంది, తోటవాళ్ళు మళ్ళీ రానివ్వరు. ఈ పద్ధతి నేనూ మీలాగే ఆ అమెరికా వీడియోల్లోనే నేర్చుకున్నాను. ఇంటి దగ్గర రెండు రాత్రులు ఇలా కట్టి అలవాటు చేశాకే బయటికి తీసుకెళ్ళండి.

తోట ఎంచుకునేటప్పుడు యజమానిని కాదు, కౌలుదారును అడగండి. పూత మందు ఎప్పుడు కొట్టారు, ఎప్పుడు కొడతారు అని. మామిడి పూత మీద కొట్టిన పురుగుమందు కింద గడ్డి మీద కూడా పడుతుంది. గట్ల మీద ఆముదం చెట్లు, కంచెలో గన్నేరు ఉన్నాయేమో తిరిగి చూడండి. గన్నేరు ఆకులు కాసిని తిన్నా గుర్రం బతకడం కష్టం, ఎండిన ఆకైనా అంతే. ఇంకోటి, అడవి అంచు చేలల్లో అడవి పందుల కోసం కొందరు దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు. చీకటి పడ్డాక గుర్రం ఎక్కి తిరగడం మేం పూర్తిగా మానేశాం, పగలు కూడా తెలియని గట్టు మీద దిగి నడిపిస్తాం.

వెళ్ళేటప్పుడు స్వారీ చేస్తూ వెళ్దామని అనుకోకండి, ఇబ్రహీంపట్నం దాటేవరకు లారీలే లారీలు. టాటా 407 లాంటి చిన్న లారీ మాట్లాడుకుని, కింద ఇసుక పోసి పైన గడ్డి పరిస్తే కాళ్ళు జారవు. ప్రయాణానికి తట్టుకుంటుందని పశువైద్యుడి సర్టిఫికెట్ తీసుకుని బండిలో ఉంచుకోండి. ధనుర్వాతం టీకా వేయించారో లేదో అప్పుడే చూసుకోండి, గుర్రాలకు అది తొందరగా పట్టుకుంటుంది. లాడాలు వారం పది రోజుల ముందే కొట్టించండి. ముందు రోజు కొట్టించి, ఒక మేకు లోతుగా దిగితే కుంటుకుంటూ గడపాల్సిందే. జోరీగలకు సాయంత్రం వేపాకు పొగ వేస్తాం, గుర్రానికి గాలి వచ్చే వైపు కాస్త దూరంలో ఒక బాండీలో. వంటకు మాత్రం గ్యాస్ స్టవ్వే. లద్దె మోసుకురావాల్సిన పని లేదు, కౌలుదారులే ఎరువుకు అడిగి తీసుకుంటారు. మా బాబాయ్ అయితే ఇప్పుడు "ఈసారి రెండు గుర్రాలు తీసుకురండి" అంటున్నాడు.

చివరగా మీ తేదీలు. సంక్రాంతికి వద్దండీ. భోగి నాడు ఊరూరా మంటలు, ఆ మూడు రోజులూ డీజేలు, పందేల బరుల దగ్గర జనం, బళ్ళు. కొత్త చోట గుర్రాలు ఆ గోలకు రాత్రంతా నిలబడి వణుకుతాయి. పైగా తోటల్లో అప్పటికి పూత మందులు నడుస్తుంటాయి. నవంబర్ చివరి వారం నుంచి డిసెంబర్ మొదటి పది రోజుల్లోపు చూసుకోండి. ఎండ తగ్గి ఉంటుంది, వానలు వెనకబడతాయి, తుఫాను కబురు ఉంటే మాత్రం వాయిదా వేయండి. మొదటిసారికి రెండు రాత్రులు కాదు, ఒక్క రాత్రి పెట్టుకోండి.