సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రం) మీద రెండు విడతల్లో చెక్కిన తలుపు డిజైన్ మధ్యలో కలవట్లేదా?

సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, అన్నా. నాలుగడుగుల బెడ్ (పలకను పెట్టే మెషిన్ బల్ల) మీద ఏడడుగుల టేకు తలుపు చెక్కుతూ, పలకను జరిపాక దాని అంచు నుంచి మళ్లీ జీరో (మెషిన్ కొలతలు మొదలయ్యే చోటు) పెడుతున్నారు. లతలు తెగినట్టు కనిపించేది అందుకే.

1. మొదటి విడతలోనే, తర్వాత కోసేసే అదనపు అంచుల్లో, రెండు పక్కలా రెండేసి రంధ్రాలు మెషిన్‌తోనే వేయించండి. పలక కింద బెడ్ మీద పరిచే బలిచెక్క (స్పాయిల్‌బోర్డ్)లోకి కూడా దిగాలి. ఒక్కో పక్క పొడవునా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరం, పలక జరిపే దూరం ఒకటే: 1,050 మి.మీ. అనుకుందాం.

2. జరిపాక పలకలోని పైవైపు రంధ్రాలు బలిచెక్కలోని కిందివైపు రంధ్రాల మీదికి వస్తాయి. పిన్నులు బిగువుగా కొట్టండి. ఎక్స్, వై జీరో (అడ్డం, నిలువు కొలతల మొదలు) ముట్టుకోవద్దు! అందరూ తప్పేది ఇక్కడే.

3. రెండో ఫైల్‌లో డిజైన్‌ను అదే 1,050 మి.మీ. వెనక్కి జరపండి.

4. నల్గొండ ఎండకు పలక వంగుతుంది కదా, జెడ్ జీరో (లోతు కొలత మొదలు) రెండుసార్లూ బలిచెక్క నుంచే పెట్టండి.