పది రూపాయల బిళ్ల చెల్లదని కాదనవచ్చా?

ప్రశ్న: మా వీధిలోని కిరాణా దుకాణంలో పది రూపాయల బిళ్లలు తీసుకోవడం లేదు. రూపాయి గుర్తు లేనివి దొంగ నాణేలని అంటున్నారు. ప్రభుత్వం ముద్రించిన డబ్బును కాదనే హక్కు వారికి ఉందా? పాత పుస్తకాల మధ్య దొరికిన రెండు వేల రూపాయల నోటు ఇంకా చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందుగా దుకాణదారు అనుమానం తీర్చాలి. పది రూపాయల నాణెం 2009లో చలామణిలోకి వచ్చింది. రూపాయి గుర్తు 2010లో ఖరారై, ఆ తరువాతే నాణేల మీదికి చేరింది. అంతకుముందువాటిపై ఆ గుర్తు లేకపోవడం సహజమే. గీతలు పది ఉంటే అసలుది, పదిహేను ఉంటే నకిలీది అన్న ప్రచారానికీ ఆధారం లేదు. అప్పటివరకు విడుదలైన పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఈ వదంతి వల్ల చిరువ్యాపారులు, కూలీలు తమ చేతిలోని డబ్బును ఖర్చుపెట్టుకోలేకపోవడం బాధాకరం.

ఇక చట్టం సంగతి. బాకీ కింద ఇచ్చినప్పుడు ఆ బాకీ తీరినట్టు చట్టం అంగీకరించే డబ్బే లీగల్ టెండర్. నోట్లకు ఆ హోదా 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టంలోని 26వ సెక్షన్ వల్ల, నాణేలకు 2011 నాటి నాణేల చట్టంలోని 6వ సెక్షన్ వల్ల వచ్చింది. అయితే రూపాయి, అంతకు మించిన విలువ గల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకే, అర్ధరూపాయి నాణేలు పది రూపాయల వరకే ఆ హోదా పొందుతాయి. కాబట్టి మూడు వేల రూపాయల బాకీకి చిల్లర మూట తెచ్చి ఇస్తే అవతలివారు వద్దనవచ్చు. బ్యాంకులో జమ చేయడానికి మాత్రం ఈ పరిమితి అడ్డురాదు.

‘బాకీ’ అన్న మాటే ఇక్కడ కీలకం. హోటల్లో భోజనం ముగించాక మీరు చెల్లించవలసినది బాకీ అవుతుంది. దానికి పది రూపాయల నాణేలు ఇస్తే చెల్లవనడం కుదరదు. సరుకు ఇంకా దుకాణదారు చేతిలోనే ఉండి బేరం కుదరనప్పుడు బాకీ ఏర్పడలేదు కనుక, అక్కడ చట్టం మీకు అంత గట్టి అండ కాదు. అయినా నాణెం నకిలీదని చెప్పి తిప్పి పంపడం ముమ్మాటికీ తప్పే. అలా తీసుకున్న నాణేలను బ్యాంకు శాఖలు స్వీకరించాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయని ఆయనకు చెప్పండి. బ్యాంకులో తీసుకోరేమోనన్న భయమే చాలాసార్లు నిరాకరణకు కారణం.

యూపీఐ లీగల్ టెండర్ కాదు, బ్యాంకు ఖాతాలోని సొమ్మును పంపే మార్గం మాత్రమే. రిజర్వు బ్యాంకు విడుదల చేసే డిజిటల్ రూపాయి మాత్రం 2022 చట్ట సవరణతో నోటుతో సమానమైంది.

మీ రెండు వేల నోటును 2023 మే 19న ఉపసంహరించినా, దాని చట్టబద్ధత రద్దు కాలేదు. 2016లో రద్దయిన పాత ఐదు వందలు, వెయ్యి నోట్లతో దీన్ని కలపకూడదు. సాధారణ బ్యాంకు శాఖల్లో మార్పిడి గడువు 2023 అక్టోబరు 7తో ముగిసింది. ఆ తరువాత ఆ అవకాశాన్ని హైదరాబాదు సహా 19 రిజర్వు బ్యాంకు కార్యాలయాలకు పరిమితం చేశారు. అంతదూరం వెళ్లలేనివారు తపాలా ద్వారా పంపి సొమ్మును తమ ఖాతాలో జమ చేయించుకునే ఏర్పాటు కూడా చేశారు.