గేట్‌లో మార్కులు తగ్గాయి, నాన్నకి ఇంకా చెప్పలేదు

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్న ఆర్టీసీలో కండక్టర్. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) అయ్యాక క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం వదులుకుని, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఏడాది పాటు ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకి కోచింగ్ తీసుకున్నాను. ఫీజుకి నాన్న పీఎఫ్‌లోంచి డబ్బు తీశారు. మాక్ టెస్టుల్లో వందకి 50 దాకా వచ్చేవి, అసలు పరీక్షలో 31 వచ్చాయి. చివరి అరగంటలో కంగారుపడి ఏవేవో పెట్టేశాను. మా కేటగిరీ ఓబీసీ, క్వాలిఫై అయితే అయ్యాను గానీ ఐఐటీ ఆశ పోయింది. రిజల్ట్స్ ఇంకా రాలేదని ఇంట్లో చెప్పి, సెలవులని ఇంటికొచ్చేశాను. అమ్మేమో సంబంధాలు చూద్దామంటోంది. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న పెద్దనాన్న గారి అబ్బాయితో అందరూ పోలుస్తుంటారు. మళ్లీ రాయాలా, వదిలేయాలా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చూడమ్మా, నీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయి ఉన్నాయి. మార్కులు తగ్గడం ఒకటి, నాన్న దగ్గర దాచడం ఇంకొకటి. నిన్ను నిద్రపోనివ్వనిది ఎక్కువగా రెండోదే అని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే మార్కులు తగ్గిన బాధ రోజురోజుకీ కొంత తగ్గుతుంది గానీ దాచిన మాట మాత్రం ఎవరు ఫోన్ చేసినా, ఎవరు ఇంటికొచ్చినా మళ్లీ మళ్లీ గుచ్చుతుంది. ఈ పరిస్థితిలో మళ్లీ రాయాలా వద్దా అనేది తేలదు. ఇప్పుడే తేల్చొద్దు కూడా. ముందు నాన్నకి చెప్పు.

అమ్మతో చెప్పించొద్దు, నువ్వే చెప్పు. ఆయన డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి అన్నం తిన్నాక, పక్కన కూర్చుని, "నాన్నా, రిజల్ట్స్ వచ్చేశాయి, 31 మార్కులొచ్చాయి, నేను అనుకున్నది రాలేదు, మీకు చెప్పడానికి భయమేసి దాచాను" అను. అంతే చాలు. దానికి ముందూ వెనకా పేపర్ కష్టంగా వచ్చిందనీ, ఫలానావాళ్లకీ తక్కువే వచ్చాయనీ కలపకు. ఇంకో ఏడాది చదువుతానని ఆ పూటే అడగొద్దు. ఆయన కోప్పడొచ్చు, ఉద్యోగం ఎందుకు వదిలావని అనొచ్చు, అసలేమీ మాట్లాడకుండా లేచి బయటికి వెళ్లిపోనూవచ్చు. రోజంతా బస్సులో నిలబడి టికెట్లు కొట్టి దాచుకున్న సొమ్ము అది, ఒకట్రెండు రోజులు మనసు కష్టపెట్టుకుంటారు, దాన్ని నీ మీద ప్రేమ పోయినట్టుగా తీసుకోకు. ఆయన్ని ఆ రెండు రోజులూ అలా ఉండనివ్వు.

ఒకటి సూటిగా అడుగుతాను. నిద్ర పట్టని ఆ రాత్రుళ్లలో బతకడం ఎందుకన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వస్తే నాన్నకి చెప్పే రోజు దాకా కూడా ఆగకు, వెంటనే 14416కి ఫోన్ చెయ్. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అమ్మనో దగ్గరి స్నేహితురాలినో పక్కన ఉండమని అడుగు.

నాన్నకి చెప్పాక, మనసు కాస్త కుదుటపడ్డాక, నువ్వు పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీట్, సరైన జవాబులుండే ఫైనల్ కీ డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టుకుని కూర్చో. చాలామంది స్కోర్ కార్డు చూసి ఏడుస్తారు గానీ ఈ పని చెయ్యరు, నాకైతే అసలు సమాధానం అంతా ఇక్కడే ఉంటుందని గట్టి నమ్మకం. చివరి అరగంటలో ఏవేవో పెట్టేశానన్నావు కదా, లెక్క వేసి చూడు. ఆప్షన్లలో ఒక్కటే పెట్టే ప్రశ్నల్లో ఒక మార్కువి తప్పయితే మూడో వంతు, రెండు మార్కులవి తప్పయితే ఒక మార్కులో మూడింట రెండు వంతులు కోస్తారు. అలా చెరో 9 తప్పు పెట్టావనుకో, 3 ఒకచోట, 6 ఇంకోచోట, మొత్తం 9 మార్కులు సబ్జెక్టు రాకపోవడం వల్ల కాదు, చెయ్యి ఆగకపోవడం వల్ల పోయినట్టు. నంబర్ టైప్ చేసే ప్రశ్నలకీ, ఒకటికంటే ఎక్కువ జవాబులుండేవాటికీ నెగెటివ్ లేదు, వాటిని ఖాళీగా వదిలేసి ఉంటే అదీ రాసుకో. 15 మార్కుల ఆప్టిట్యూడ్‌లో ఎన్ని వచ్చాయో చూడు. ఇంట్లో చేతి క్యాలిక్యులేటర్‌తో ప్రాక్టీస్ చేసి అక్కడ స్క్రీన్ మీద మౌస్‌తో నొక్కాల్సి వచ్చేసరికి టైమ్ చాలక ఇబ్బంది పడ్డావా, అదీ ఆలోచించు. పోయినవి ఎక్కువగా ఇలాంటివే అయితే మళ్లీ రాయడంలో అర్థం ఉంది. సిగ్నల్స్, నెట్‌వర్క్స్ లాంటి పెద్ద సబ్జెక్టులే రాలేదని తేలితే అదే హాస్టల్లో అదే నోట్సుతో ఇంకో ఏడాది గడపడం వల్ల పెద్దగా మారేదేమీ ఉండదు.

నా అభిప్రాయం అడిగితే, మళ్లీ రాయి, కానీ రెండో ఏడాది కూడా పూర్తిగా ఖాళీగా ఉండి మాత్రం వద్దు. ఉద్యోగం చూసుకునో, ఎంటెక్‌లో చేరో రాయి. గేట్‌కి వయసు పరిమితి లేదు, పరీక్ష మళ్లీ ఫిబ్రవరిలో వస్తుంది, అప్లికేషన్లు మొదలవడానికే ఇంకా నెలల టైమ్ ఉంది. పైగా ఇప్పటి స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది, అంటే చేతిలో ఉన్నది పారేసుకుని రాస్తున్నట్టు కాదు.

ఈ స్కోర్‌తో ఎన్‌ఐటీల్లో ఎంటెక్ సీట్లకి జరిగే సీసీఎంటీ కౌన్సెలింగ్‌కి ఎలాగూ అప్లై చెయ్, చివర్లో మిగిలిన సీట్లకి జరిగే స్పాట్ రౌండ్లు కూడా వదలకు. దానికి కొత్త ఆర్థిక సంవత్సరంలో తీసిన ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, పాతది పట్టుకెళ్లి చివరి రోజు వెనక్కొచ్చినవాళ్లు ఎంతోమంది, కాబట్టి ఇప్పుడే మీసేవకి వెళ్లు. మన రాష్ట్రంలో ఎంటెక్ సీట్లకి జరిగే పీజీఈసెట్ కౌన్సెలింగ్‌లో గేట్ ఉన్నవాళ్లకి ముందు సీట్లిస్తారు, జేఎన్‌టీయూ, ఉస్మానియాల్లో వీఎల్‌ఎస్ఐ (చిప్ డిజైన్) లాంటి కోర్సులు దొరికితే ఆలోచించదగ్గవే. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న కాలేజీలో గేట్‌తో ఫుల్‌టైమ్ ఎంటెక్ చేరితే నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ కూడా ఉంది, అది నాన్నకి చెప్పు, ఆయనకి కొంత ఊరటగా ఉంటుంది. అయితే ల్యాబు, ఫ్యాకల్టీ సరిగా లేని కాలేజీలో, ఊరికే ఉండలేక చేరడం మాత్రం వద్దు, ఇప్పుడు చదువుతున్నవాళ్లతో మాట్లాడి చేరు.

పెద్దనాన్న గారి అబ్బాయిని చూసి అప్పుచేసి అమెరికా వెళ్లిపోదామన్న ఆలోచన ఈ రెండు నెలల్లో వస్తే దాన్ని పక్కన పెట్టు. నిజంగా వెళ్లాలని ఉంటే వచ్చే ఏడు తీరిగ్గా ఆలోచించొచ్చు, పరీక్ష పోయిన బాధలో 30, 40 లక్షల అప్పు మీద నిర్ణయం తీసుకోకూడదు.

ఇక సంబంధాల సంగతి. అమ్మ మీద కోప్పడకు, ఆవిడకి నీ ముందు ఏ దారీ కనపడక ఆ మాట ఎత్తుతోంది. కౌన్సెలింగ్ ఎప్పుడు, ఉద్యోగానికి ఎక్కడెక్కడ అప్లై చేస్తున్నావు, ఆగస్టు కల్లా ఏం తేలుతుంది అనేవి కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించి, అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దని అడుగు. అయినా అమ్మ ఒప్పుకోకపోతే నాన్న ఉన్నప్పుడే ఈ మాట మళ్లీ ఎత్తు.