టెక్ సందేహాలు: లోడు లాగితే వార్మ్ గేర్ వెనక్కి తిరుగుతుందా?

ప్రశ్న: బెంగళూరు పీణ్యలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. మేడ మీదికి సామాను ఎక్కించడానికి 40:1 వార్మ్ గేర్‌బాక్స్‌తో హాయిస్ట్ కట్టించాం. డ్రమ్ వ్యాసం 150 మి.మీ., బరువు 200 కిలోల దాకా. వార్మ్ గేర్ వెనక్కి తిరగదు, బ్రేక్ దండగ అన్నారు. ఏడాదిపాటు బాగానే నడిచింది. ఈమధ్య సింథటిక్ ఆయిల్ పోయించాక, మోటార్ ఆపినా లోడు మెల్లగా దిగిపోతోంది. గేర్‌బాక్స్ పోయినట్టేనా?

జవాబు: చాలావరకు పోయి ఉండదు. వార్మ్ గేర్ అంటే మర ఉన్న కడ్డీ (వార్మ్) పళ్ల చక్రాన్ని తిప్పే ఏర్పాటు. మీకు చెప్పిన మాటలోనే తేడా ఉంది. వార్మ్ గేర్‌ను వెనక్కి తిరగకుండా పట్టి ఉంచేది రాపిడి ఒక్కటే, లోపల వేరే లాకు ఏమీ లేదు. వార్మ్ మీద మర ఎంత వాలుగా ఉందో చెప్పేది లీడ్ కోణం. అది రాపిడి కోణం (రాపిడి ఆపగలిగే గరిష్ఠ వాలు) కంటే తక్కువుంటే లోడు నిలుస్తుంది, ఎక్కువైతే జారుతుంది.

నేమ్ ప్లేట్ మీద 40:1 (వార్మ్ 40 చుట్లకు చక్రం ఒక చుట్టు) చూస్తే ఇది తెలియదు. ఒంటి మర వార్మ్‌కు 40 పళ్ల చక్రం ఉన్నా 40:1, రెండు మరల వార్మ్‌కు 80 పళ్ల చక్రం ఉన్నా 40:1. పళ్లు లెక్కపెట్టి 40తో భాగించండి, మరలెన్నో వస్తుంది. దాన్ని మాడ్యూల్‌తో (పంటి సైజు చెప్పే కొలత, మి.మీ.లో) గుణించి, వార్మ్ పిచ్ వ్యాసంతో (పళ్లు కలిసే చోటి వ్యాసం) భాగిస్తే లీడ్ కోణపు టాంజెంట్. ఉదాహరణకు మాడ్యూల్ 3, వ్యాసం 30 మి.మీ., ఒంటి మర అనుకుంటే 0.1, అంటే 5.7 డిగ్రీలు. అదే రెండు మరలైతే 11.3 డిగ్రీలు, ఆగుతుందన్న ఆశ వదులుకోవాల్సిందే.

ఉక్కు వార్మ్, కంచు చక్రం కదలకుండా ఉన్నప్పుడు రాపిడి గుణకం 0.1 ప్రాంతంలో ఉంటుంది. 20 డిగ్రీల ప్రెజర్ యాంగిల్ (పంటి పక్క వాలు) కూడా లెక్కలోకి తీసుకుంటే రాపిడి కోణం సుమారు 6 డిగ్రీలు. 5.7కీ 6కీ మధ్య ఎంత దూరం? ఏడాదిగా మీ హాయిస్ట్ బహుశా ఆ కాస్త సందులోనే వేలాడింది. గుణకం 0.05కి పడితే కోణం 3 డిగ్రీలకు దిగుతుంది, లోడు దానంతటదే కదులుతుంది. పాలీగ్లైకాల్ రకం సింథటిక్ ఆయిల్ పనే రాపిడి తగ్గించడం. పైగా వాడగా వాడగా కంచు పళ్లు నునుపు తేలుతాయి. పక్కన గ్రైండరో కంప్రెసరో నడిస్తే ఆ అదురుకు ఆగి ఉన్న పళ్లు కూడా కాస్త కాస్తగా జారతాయి.

ముందు జారుతున్నది ఎక్కడో తేల్చుకోండి. లోడును నేల నుంచి 20 సెం.మీ. ఎత్తులో ఆపి, మెయిన్ స్విచ్ తీసేసి, మోటార్ ఫ్యాన్ కవర్ విప్పండి. ఫ్యాన్ మీదా బాడీ మీదా ఎదురెదురుగా మార్కర్‌తో గీత పెట్టి, అరగంట ఆగి చూడండి. ఫ్యాన్ గీత జరిగితే గేర్ వెనక్కి తిరుగుతున్నట్టే. గీత అక్కడే ఉండి లోడు దిగితే కథ వేరు: కీ (షాఫ్ట్‌కూ చక్రానికీ మధ్య బిగించే ముక్క) అరిగిందో, కప్లింగ్ వదులైందో, డ్రమ్ మీద తాడు జారుతోందో. ఆయిల్ కొంచెం తెల్లగుడ్డ మీద పోసి చూడండి. బంగారు రంగు రవ్వలు బాగా కనబడితే చక్రం పళ్లు అరుగుతున్నాయి. అప్పుడు బ్రేక్ పెట్టినా లాభం లేదు, చక్రం మార్చాలి.

ఫ్యాన్ తిరుగుతోందని తేలితే పాత ఆయిల్‌కు వెళ్లిపోవడం మందు కాదు. మినరల్ ఆయిల్, పాలీగ్లైకాల్ ఒకదానితో ఒకటి కలవవు. మిగిలిన చుక్కలతో జిగురు కట్టే ప్రమాదం కూడా ఉంది. కరెంటు పోగానే స్ప్రింగ్ బిగించే బ్రేక్ ఉన్న మోటార్ వేయండి. డ్రమ్ మీద టార్క్ (తిప్పే బలం) 200 × 9.81 × 0.075 (డ్రమ్ వ్యాసంలో సగం, మీటర్లలో), అంటే 147 న్యూటన్ మీటర్లు. గేర్ నష్టాలు వదిలేసి 40తో భాగిస్తే మోటార్ షాఫ్ట్ మీద 3.7. రెట్టింపు వేసుకుని 8 న్యూటన్ మీటర్ల బ్రేక్ తీసుకోండి. మోటార్ వైండింగ్ వైర్లు షార్ట్ చేస్తే ఆగుతుందని ఎవరైనా చెబితే వినకండి. మామూలు ఇండక్షన్ మోటార్‌కు అది పనిచేయదు. పర్మనెంట్ మాగ్నెట్ డీసీ మోటార్ అయినా జారడం నెమ్మదిస్తుందే గాని పూర్తిగా ఆగదు.

ఇంకో జాగ్రత్త. కొనేటప్పుడు కేటలాగ్‌లో రెండు ఎఫిషియెన్సీలు చూడండి: ఆగి ఉన్నప్పటిది స్టాటిక్, నడుస్తున్నప్పటిది డైనమిక్. స్టాటిక్ 50 శాతం లోపుంటే ఆగి ఉన్న లోడు నిలిచే అవకాశం ఉంది. నడుస్తూ ఉన్నది ఆగాలంటే డైనమిక్ కూడా 50 లోపుండాలి, ఇది అరుదు. అందుకే దిగుతున్న లోడు స్విచ్ ఆపగానే ఆగకుండా కొంత దూరం పోతుంది. ఇక మనుషుల్ని ఎక్కించే దేనికైనా వార్మ్‌ను నమ్ముకునే ప్రశ్నే లేదు.

ప్రశ్న: మారతహళ్లిలో మా ఇంటి స్లైడింగ్ గేటుకు ఆటోమేటిక్ మోటార్ ఉంది. కరెంటు పోతే గేటు ఎంత తోసినా కదలదు. గట్టిగా నెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. పై హాయిస్ట్‌లో లేని, వెనక్కి తిరగని గుణం ఇక్కడ కావాలనే పెట్టారు, బయటివాళ్లు తోస్తే తెరుచుకోకూడదు కదా. నలుగురు కలిసి నెడితే ముందు విరిగేది లోపలి చక్రం పళ్లు, అది నైలాన్‌దైతే మరీ తొందరగా. మోటార్ బాక్స్ పక్కన తాళంచెవితో తెరిచే చిన్న లీవర్ ఉంటుంది. అది తిప్పితే గేర్ విడిపోయి గేటు చేత్తో కదులుతుంది. ఆ తాళంచెవి ఇంట్లోనే కాదు, వాచ్‌మన్ దగ్గర కూడా ఒకటి ఉంచండి. కరెంటు వచ్చాక లీవర్ మళ్లీ బిగించి, గేటును రెండంగుళాలు అటూ ఇటూ కదిపితే పళ్లు కుదురుకుంటాయి. ఆ తర్వాతే రిమోట్ నొక్కండి.