చూసినవాళ్లు నోరు విప్పాలి: పోకర్ టేబుల్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే ఫిర్యాదు: "తప్పు చేసింది డీలర్, నష్టపోయింది నేను." డీలర్ కుర్చీలో కూర్చుని ముక్కలు పంచాను, ఆ తరువాత ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా (టేబుల్ దగ్గర క్లుప్తంగా "ఫ్లోర్" అంటారు) ఇలాంటి తగువులకు తీర్పులూ చెప్పాను. ఆ అనుభవంతోనే జవాబులిస్తున్నాను. టోర్నమెంట్ల విషయంలో నేను ఆధారపడేది టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం, అంటే టీడీఏ నియమాల మీద. ఆ సంఘం 2001లో మొదలైంది. క్యాష్ గేముల్లో, అంటే నేరుగా డబ్బుతో ఆడే ఆటల్లో, ఏ కాసినో నియమాలు ఆ కాసినోవే కాబట్టి అక్కడక్కడా తేడాలుంటాయి.

ప్రశ్న: బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా తెరిచిన ముక్కల్లో, ఇస్పేటు 4, ఆఠీన్ 6, కళావరు 8, డైమన్ రాజు, ఇస్పేటు 5 ఉన్నాయి. ఒకాయన రాజు, రాణి తిప్పి చూపించారు. రెండో ఆయన రెండు 7లు చూపించారు. డీలర్ "రాజుల జత" అంటూ పాట్ (పందేల సొమ్ము) మొత్తం మొదటాయన వైపు తోసేశాడు. 7లు చూపించినాయన కూడా పోయిందనుకుని తలూపి ఊరుకున్నారు. నాకు మాత్రం 4 నుంచి 8 దాకా స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు, రాజుల జతకన్నా పెద్దది) కళ్లముందే కనబడుతోంది. నేను ఆ హ్యాండ్‌లో, అంటే ఆ పంపకం ఆటలో, లేను. "ఎవరి హ్యాండ్ వాళ్లే ఆడుకోవాలి" అన్న నియమం గుర్తొచ్చి మాట్లాడలేదు. నేను చేసింది సరైనదేనా?

జవాబు: కాదండీ. అప్పుడు చెప్పి తీరాల్సింది.

మీకు గుర్తొచ్చిన నియమం నిజమే కానీ, అది ఆట నడుస్తున్నంతసేపే. పందేలు ఇంకా మిగిలి ఉండగా "నీ దగ్గర స్ట్రెయిట్ వచ్చే అవకాశం ఉంది చూసుకో" అంటే ఒకరి తరఫున మీరు ఆడినట్టే, అది ముమ్మాటికీ తప్పు. షోడౌన్‌లో, అంటే పందేలన్నీ అయ్యాక ముక్కలు చూపించేటప్పుడు, రెండు ముక్కలూ బల్ల మీద వెల్లకిలా పడిన తరువాత సంగతి వేరు. అక్కడ ఆటగాడు ఏమన్నాడు, డీలర్ ఏమన్నాడు అన్నదానికి విలువ లేదు, ముక్కలు చెప్పిందే ఖాయం. టీడీఏ నియమం ఇంకో అడుగు ముందుకేసి, ముక్కలు చదవడంలోగానీ పాట్ లెక్కలోగానీ పంపకంలోగానీ పొరపాటు జరుగుతోందని అనిపిస్తే హ్యాండ్‌లో ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా చెప్పాలనే అంటోంది. చెప్పవచ్చు అని కాదు, చెప్పాలి అని.

దీనికో గడువుంది. పాట్ పంపకం మీద అభ్యంతరం చెప్పే హక్కు తరువాతి హ్యాండ్ మొదలవగానే పోతుంది. డీలర్ చేత్తో కలుపుతుంటే పేకను మొదటిసారి కలిపిన క్షణం, యంత్రంతో కలుపుతుంటే దాని మీట నొక్కిన క్షణం కొత్త హ్యాండ్ మొదలైనట్టు. కాబట్టి "ఆగండి, ఆ 7లు ఒక్కసారి చూడండి" అనడానికి మీకు ఉండేది కొన్ని సెకన్లే. పాట్ అవతలి వైపుకు వెళ్లిపోయినా ఫర్వాలేదు, చిప్స్ (పందెం బిళ్లలు) వెనక్కి తీసుకోవచ్చు. ముక్కలు మక్‌లో, అంటే ఆటలోంచి తీసేసిన ముక్కల గుట్టలో, కలిసిపోతే మాత్రం కష్టం.

మరో మాట కూడా చెప్పాలి. ఫ్లోర్ మీద ఉన్నప్పుడు నేను తరచూ చూసిందేమిటంటే, ఆ పాట్ ఎవరికి వెళితే తమకు మేలో చూసుకుని మౌనంగా ఉండేవాళ్లు ఉంటారు. బాగా ఆడేవాడి దగ్గరకన్నా తడబడేవాడి దగ్గర చిప్స్ ఉంటే తరువాత తమకే వస్తాయన్న లెక్క. అలాంటి టేబుల్ మీద డీలర్ ఎంత సమర్థుడైనా న్యాయం జరగదు. డీలర్ ఒక్కడు, ఆటగాళ్లు తొమ్మిదిమంది. పది జతల కళ్లున్న చోట తప్పు దాటిపోయిందంటే ఆ తప్పు ఒక్క డీలర్‌ది అనడానికి నాకు మనసొప్పదు. ఒక్కటే జాగ్రత్త: ముక్కలు పూర్తిగా తిప్పకుండా మూలలు మాత్రం ఎత్తి చూపి మక్ వైపు తోసేస్తున్నవాళ్లకు సలహా ఇవ్వకండి. బల్ల మీద పరిచిన హ్యాండ్ గురించి మాత్రమే ఈ బాధ్యత.

ప్రశ్న: ఎదుటి ఆయన ఆల్ ఇన్ (తన చిప్స్ అన్నీ పందెం) అన్నారు. ఎంత అని అడిగాను. డీలర్ "నాలుగు వేల రెండొందలు" అన్నాడు. అంత ముందుకు తోశాను. ఓడిపోయాక లెక్కపెడితే పద్నాలుగు వేల రెండొందలు. వెనకాల రెండు పెద్ద చిప్స్ ఉన్నాయట. మిగతా పది వేలు కూడా కట్టాలన్నారు. డీలర్ తప్పుకు నేనెందుకు కట్టాలి?

జవాబు: మీ కోపం నాకు అర్థమవుతోంది. అయినా టోర్నమెంటులో నేనున్నా కట్టమనే చెప్పేదాన్ని.

ఎదుటివాడి పందెం ఎంతో తేల్చుకోవాల్సిన బాధ్యత కాల్ చేసేవారిదే, అంటే ఆ పందేనికి సమానంగా కట్టేవారిదే. డీలర్‌గానీ మరొకరుగానీ తప్పు అంకె చెప్పినా, మీరు కాల్ చేశాక అసలు మొత్తానికి ఒప్పుకున్నట్టే లెక్క. ఇదెందుకు పెట్టారో చూడండి. ఈ నియమం లేదనుకుందాం. డీలర్ తక్కువ చెప్పాడని మీరు గమనించారు, ఏమీ అనలేదు, కాల్ చేశారు. గెలిస్తే "ఆయన ఆల్ ఇన్ కదా, మొత్తం ఇప్పించండి" అంటారు. ఓడితే "నాకు నాలుగు వేలే చెప్పారు" అంటారు. మీరు అలా చేసే మనిషి కాకపోవచ్చు. కానీ ఫ్లోర్ సూపర్‌వైజర్ మీ మనసులోకి తొంగి చూడలేడు. గెలిచినా ఓడినా ఒకే తీర్పు వచ్చేలా ఉంటేనే అది నియమం.

అలాగని డీలర్ ఏం చెప్పినా మీదే భారమని కాదు. టీడీఏ మొదటి నియమమే ఆట మేలు, న్యాయం అన్నిటికన్నా ముందని చెబుతుంది. అసాధారణ పరిస్థితుల్లో నియమం అక్షరాన్ని పక్కనపెట్టి ఇంగితం వాడమంటుంది. ఎదుటి ఆయన పెద్ద చిప్స్‌ను చిన్నవాటి వెనక దాచి ఉంటే ఆయన్ను కూడా నిలదీయాల్సిందే. పెద్ద విలువ చిప్స్ అందరికీ కనబడేలా పెట్టుకోవాలి. అది మీరు ఫ్లోర్‌కు చెప్పారా? ఉత్తరంలో రాయలేదు. చెప్పి ఉంటే తీర్పు మారే అవకాశం కొంత ఉండేది.

ఇకమీదట "ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "చిప్స్ విడదీసి పేర్చండి" అనండి. డీలర్ రంగుల వారీగా వరసలు పేరుస్తాడు, మీరే చూసి లెక్కపెట్టుకోవచ్చు. పేర్చడం అయ్యేదాకా "కాల్" అన్న మాట నోటినుంచి రానివ్వకండి, ఒక్క చిప్ కూడా ముందుకు జరపకండి.

ప్రశ్న: డీలర్ పక్క సీటు నాది. ఎదుటి ఆయన 600 పెట్టారు. రెండు ఆసులతో 9,000 ఆల్ ఇన్ అన్నాను. ఆయన ఇంకా ఆలోచిస్తుండగా డీలర్ నా ముక్కలు లాగి మక్‌లో కలిపేశాడు. నాకు 8,400 తిరిగి ఇచ్చి 600 పాట్‌లోనే ఉంచేశారు. ఇదేం న్యాయం?

జవాబు: వినడానికి చాలా బాధగా ఉంది, కానీ తీర్పు సరైనదే. మక్‌లో కలిసిన ముక్కలు ఫలానావేనని నూటికి నూరుపాళ్లు తేల్చలేకపోతే ఆ హ్యాండ్ చచ్చినట్టే. ఎవరూ కాల్ చేయని పెంపు వెనక్కి వస్తుంది, అప్పటికే ఖాయమైనది రాదు. "నావి రెండు ఆసులు" అన్న మాట మీద ముక్కలు వెతికి ఇవ్వడం మొదలుపెడితే రేపు ప్రతి ఒక్కరి దగ్గరా ఆసులే ఉంటాయి.

డీలర్‌కు అటూ ఇటూ ఉన్న సీట్లలోనే ఇది ఎక్కువగా జరుగుతుంది, అతని చేతులు అక్కడే తిరుగుతుంటాయి కాబట్టి. ముక్కల మీద ఒక చిప్ పెట్టండి, లేదా చెయ్యి వేసి ఉంచండి. ఆల్ ఇన్ అన్నాక చిప్స్ అన్నీ ముందుకు తోసేసి ముక్కలను ఒంటరిగా వదిలేయడం చాలామందికి అలవాటు. ఒక్క చిప్ మిగుల్చుకుని ముక్కల మీద పెట్టుకోండి. "ఆల్ ఇన్" అని నోటితో చెప్పారు కాబట్టి పందేనికి ఏ లోటూ లేదు.

ప్రశ్న: ఫ్లాప్ (బోర్డు మీద మొదట తెరిచే మూడు ముక్కలు) తరువాత నాకు నాలుగు ఆఠీన్‌లున్నాయి, ఐదోది పడితే ఫ్లష్ (ఒకే జాతివి ఐదు). ఇంకొకరు పందెం ఆడాల్సి ఉండగానే డీలర్ తొందరపడి టర్న్ (బోర్డు మీద నాలుగో ముక్క) వేసేశాడు. అదీ ఆఠీనే! ఫ్లోర్ వచ్చి దాన్ని తీయించేశాడు. నాకు వచ్చిన ముక్కను లాక్కున్నట్టు కాదా?

జవాబు: ఆ ముక్క ఇంకా మీది కాలేదు. పందెం పూర్తికాకముందే పడిన ముక్కను ఉండనిస్తే, ఆడాల్సిన ఆ ఒక్కరు మిగతావాళ్లకు లేని సమాచారంతో ఆడతారు. అందుకే పక్కన పెడతారు. పందెం పూర్తయ్యాక, మామూలుగా అయితే రివర్‌గా (ఐదో, చివరి ముక్కగా) రావాల్సిన ముక్కను టర్న్ స్థానంలో వేస్తారు. ఆ పందెం కూడా అయ్యాక, తీసిన ఆఠీన్‌ను మిగిలిన పేకలో పెట్టి కలిపి, కోసి, మళ్లీ బర్న్ చేయకుండా (పై ముక్కను బోర్లా పక్కన పెట్టకుండా) రివర్ వేస్తారు. అంటే మీ ఆఠీన్ మాయమైపోలేదు, రివర్‌గా వచ్చే దారి దానికి ఇంకా ఉంది. పేకలో ఎవరూ చూడని ముక్కల్లో ఏది ముందొచ్చినా అవకాశం ఒకటే కాబట్టి, తప్పు జరగకముందు మీకెంత అవకాశం ఉందో ఈ పద్ధతి దాదాపు అంతే మిగులుస్తుంది. కళ్లతో చూసిన ముక్క పోయింది కాబట్టి నష్టంలా తోస్తుంది, అంతే. అదే టర్న్ మీ ఎదుటివారికి ఫుల్ హౌస్ (ఫ్లష్‌కన్నా పెద్దది) తెచ్చి ఉంటే, అది తీయించినందుకు మీరు ఈ ఉత్తరం రాసేవారా? ఫ్లోర్ ముందు మాట్లాడేముందు ఎవరైనా తమను తాము ఇలా అడిగి చూసుకోవాలని నా కోరిక.

ప్రశ్న: ఫ్లాప్‌లో మూడుకు బదులు నాలుగు ముక్కలు పడితే?

జవాబు: టోర్నమెంటులో ఫ్లోర్‌ను పిలవాలి. డీలర్ నాలుగింటినీ బోర్లించి కలుపుతాడు, ఫ్లోర్ ఒకటి తీస్తాడు. అది తరువాతి బర్న్ కార్డు. మిగతా మూడే ఫ్లాప్. "నాలుగోది ఏదో నేను చూశాను" అని ఎవరెంత గట్టిగా చెప్పినా సరే.

ప్రశ్న: ఒక డీలర్ వచ్చినప్పుడల్లా ఒకాయనే గెలుస్తున్నారు. ఇద్దరూ కుమ్మక్కయ్యారని నా అనుమానం. టేబుల్ మీదే అడిగేయనా?

జవాబు: వద్దండి. గెలుపు ఒక్కటే రుజువు కాదు. డీలర్లను సాధారణంగా అరగంటకోసారి మారుస్తుంటారు, ఒక్కరి వంతులో పడే హ్యాండ్లు తక్కువే. అంత తక్కువలో ఒకరికే కలిసిరావడం మామూలు విషయం. కానీ ఏదైనా పద్ధతి తప్పుతుండటం చూస్తే, అంటే పేక అడుగు ముక్క బయటపడేలా పట్టుకోవడం, బర్న్ చేయకపోవడం, ముక్కలు కోయకుండా పంచడం లాంటివి, సమయం, సీటు నంబరు గుర్తుపెట్టుకుని ఫ్లోర్‌ను పక్కకు పిలిచి చెప్పండి. పైన కెమెరాలున్నాయి, చూసుకుంటారు. నలుగురిలో ఒక మనిషిని దొంగ అన్నాక ఆ మాట వెనక్కి రాదు.

ప్రశ్న: నేను కొత్తగా చేరిన డీలర్‌ని. మొన్న పంచేటప్పుడు ఒకరి ముక్క తిరగబడింది. కంగారులో ఏదో సర్దబోయి ఇంకా గందరగోళం చేశాను. టేబుల్ అంతా అరిచింది. అప్పటినుంచి చేతులు వణుకుతున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయీ, అరిచినవాళ్ల సంగతి మొదట చెబుతాను. తప్పును ఎత్తిచూపే హక్కు వాళ్లకుంది, నిన్ను కించపరిచే హక్కు లేదు. తిట్టిన ఆటగాడిని హెచ్చరించడం, అవసరమైతే లేపి బయటికి పంపడం ఫ్లోర్ పని. మీ ఫ్లోర్ అది చేయకపోతే తప్పు వాళ్లదే. నీ వంతు ముగిశాక వెళ్లి అడుగు.

తిరగబడిన ముక్క విషయంలో నేర్చుకోవాల్సింది కొంచెమే. మొట్టమొదట పంచిన రెండు ముక్కల్లో ఒకటి తిరగబడితే, లేదా మొత్తంమీద రెండు తిరగబడితే, అది మిస్‌డీల్. అన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ కలపాలి. మధ్యలో ఒక్కటే తిరగబడితే పంపకం ఆపకు. చివరిదాకా పంచి, ఆ ఆటగాడికి మారు ముక్క ఇచ్చి, తిరగబడినదాన్ని మొదటి బర్న్ కార్డుగా వాడు. అసలు ఆట మొదలై తగినంత నడిచాక మిస్‌డీల్ అనడానికి లేదు. టీడీఏ లెక్కలో వరసప్రకారం ముగ్గురు ఆడినా, లేదా ఇద్దరు ఆడి అందులో ఒకరైనా పాట్‌లో చిప్స్ వేసినా అది తగినంత నడిచినట్టే. బ్లైండ్‌లు, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందేలు, దీని కిందకు రావు.

ఇంతకు మించింది ఏం జరిగినా సర్దబోకు. చేతులు ఆపు, పేకను కదలకుండా పట్టుకో, "ఫ్లోర్" అని గట్టిగా పిలువు. ఫ్లోర్ వచ్చాక జరిగింది జరిగిన వరసలో చెప్పు: ఎవరు పందెం వేశారు, ఎవరి వంతు మిగిలింది, ఏ ముక్క ఎప్పుడు పడింది. ఎవరు గెలవాలో నీ నోట రానివ్వకు. బర్న్ కార్డులను మక్‌లో కలపకుండా పాట్ చిప్స్ అంచు కింద, ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి పెట్టడం అలవాటు చేసుకో. బర్న్ చేశానా లేదా అన్న అనుమానం వచ్చినప్పుడు వాటిని లెక్కపెడితే చాలు: ఫ్లాప్‌కు ఒకటి, టర్న్‌కు రెండు, రివర్‌కు మూడు.