సొంత మేడ మీద కోసిన కొత్తిమీరను కూడా కడగాలా?

మందులు కొట్టకుండా మిద్దె తోటలో పెంచిన ఆకుకూరలను కూడా కడగాలా అని అడిగారు. కడగాలి. నాతో వాదించకండి, ఒక రాత్రంతా అనుభవించి చెబుతున్నాను.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మేడ మీద ఇరవై కుండీలు ఉన్నాయి. రెండేళ్ల కిందట కొత్తిమీర పాలిపోతోందని, పాలు పోసే ఆయన చేత ఒక బకెట్ పచ్చి పేడ తెప్పించి, నీళ్లలో కలిపి పోశాను. పది రోజుల్లో ఆకు నిగనిగలాడింది. ఆ ఆదివారం శ్రీకాకుళం నుంచి బావగారు వచ్చారు. ఆయన ముందు గొప్పకు పోయి, గుప్పెడు కోసి, దులిపి, కీరదోస పెరుగు పచ్చడిలో తరిగి వేయమన్నాను. "కడగొద్దా?" అంది మా ఆవిడ. "మన తోటదే కదా, మందు చుక్క పడలేదు" అన్నాను.

రాత్రి పదకొండింటికి బావగారు లేచారు. తర్వాత నేను. తెల్లవారేలోగా మా ఆవిడ, అబ్బాయి. పెరుగు పడదని ఆ పచ్చడి ముట్టని అత్తగారు మాత్రం హాయిగా నిద్రపోయి, పొద్దున్నే అందరికీ ఉప్పు, పంచదార నీళ్లు కలిపి ఇచ్చారు. పరీక్షలేవీ చేయించలేదు. అత్తగారి నిద్రను మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

పచ్చి పేడలో ఇ.కోలై (E. coli) లాంటి, విరేచనాలు పట్టించే క్రిములు ఉండవచ్చు. మట్టికి తగిలే పంటకు పచ్చి పేడ వేస్తే కోతకు 120 రోజులు ఆగాలని అమెరికా సేంద్రియ సాగు నిబంధన. కొత్తిమీర నలభై రోజుల పంట. ఇక ఈ రెండింటికీ పొత్తు ఎక్కడ కుదురుతుంది? బాగా మాగిన ఎరువే వేయండి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లో, అదీ పొద్దున్నే పోయండి.

కడగడమంటే సబ్బుపొడితో అని కాదు. మా పక్కింటివారు టమాటాలను గిన్నెలు తోమే సబ్బుతో కడుగుతారు, చెబితే వినరు. కుళాయి కింద ధారగా పడే నీళ్లలో చేత్తో రుద్దితే చాలు. ఆకుకూరను వేరు కోసేసి, విడదీసి కడగాలి, అదీ వండే ముందే. తడితో ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో కుళ్లుతుంది. రైతు బజారులో కూరల మీద గంటకోసారి బకెట్ నీళ్లు చల్లేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ నీళ్లు ఎక్కడివో అడిగితే, "తీసుకుంటే తీసుకోండి" అంటారు.

ఇంకొకటి, ఎవరూ అడగకపోయినా చెబుతాను. ఆదివారం హార్బర్ నుంచి చేపలు తెచ్చి, కోసిన కత్తిపీటను నీళ్లతో తడిపేసి, దాని మీదే కీరదోస తరుగుతారు మన ఇళ్లలో. దాన్ని మాత్రం సబ్బుతో కడగండి.

పాత కొత్తిమీర కుండీలో ఇప్పుడు బంతి వేశాను. బావగారు వచ్చినప్పుడల్లా ముందు దాన్నే చూస్తారు.